ఎలుక ‘కిల్లర్’ కణాల చంపే శక్తి: ఆ శాతం ఎవరిది?

ఒక ప్లాస్టిక్ పలక. దాంట్లో 96 చిన్న గుంటలు. ఒక్కో గుంటలో కొన్ని వేల క్యాన్సర్ కణాలు. వాటికి ముందుగానే క్రోమియం-51 అనే రేడియోధార్మిక పదార్థం పట్టించి, అదనంగా అంటుకున్నదాన్ని కడిగేసి సిద్ధంగా ఉంచుతారు. చిట్టెలుక ప్లీహాన్ని మెత్తగా నలిపి, వడకట్టి, అందులోని తెల్ల రక్తకణాలను వాటి మీద పోస్తారు. కొన్ని గుంటల్లో ఒక్కో క్యాన్సర్ కణానికి 100 తెల్ల కణాల చొప్పున, కొన్నింట్లో 50, ఇంకొన్నింట్లో 25. పలకను 37 డిగ్రీల వేడిలో నాలుగు గంటలు ఉంచి, పైన తేరిన ద్రవాన్ని కొంచెం తీసి గామా కౌంటర్‌కు ఇస్తారు. కణం బతికున్నంతసేపూ క్రోమియం చాలావరకు లోపలే ఉంటుంది. కణం పొర చిరిగితే బయటపడుతుంది. అంటే కౌంటర్ లెక్కపెట్టేది చావులను కాదు, కారిపోయిన క్రోమియాన్ని.

ఎవరూ ఏమీ చేయకపోయినా కొంత కారుతుంది, దాన్ని తీసేయాలి. డిటర్జెంట్ పోసి అన్ని కణాలనూ పగలగొడితే ఎంత వస్తుందో అది గరిష్ఠం. ఊరికే కారింది 500, గరిష్ఠం 4,500, పరీక్ష గుంటలో కనిపించింది 2,100 అనుకుందాం. 2,100 లోంచి 500 తీసేస్తే 1,600. 4,500 లోంచి 500 తీసేస్తే 4,000. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 40 శాతం. నోట్‌బుక్‌లో ‘40 శాతం కిల్లింగ్’ అని పడుతుంది. 1968 నుంచి ఈ పద్ధతి వాడుకలో ఉంది. ఇప్పుడు రేడియోధార్మికత అక్కర్లేని, రంగులతోనూ లేజర్లతోనూ నడిచే పద్ధతులు చాలా వచ్చినా లెక్క కట్టే తీరు మాత్రం పెద్దగా మారలేదు.

ఎలుకల్లో ఫలానా మందు రోగనిరోధక కణాల చంపే శక్తిని రెట్టింపు చేసిందని వార్త వస్తే, దాని వెనక తరచూ ఇలాంటి శాతమే ఉంటుంది. చదివేవాళ్లకు అది ఆ కణం బలంలా కనిపిస్తుంది, ఇంజిన్‌కు హార్స్‌పవర్ ఉన్నట్టు. కానీ ఆ 40 శాతంలో కణం వాటా ఎంత, ఎదురుగా పెట్టిన క్యాన్సర్ కణం వాటా ఎంత, ఎలుక జాతి వాటా ఎంత, అది పెరిగిన పంజరం వాటా ఎంత అని విడదీస్తూ పోతే చివరికి కణానికి మిగిలేది చాలా తక్కువ.

ముందు ఒక మాట. తెలుగులో అన్నిటినీ ఎలుక అనే అంటాం. ప్రయోగశాలలో మౌస్ వేరు, ర్యాట్ వేరు. మౌస్ పాతిక ముప్పై గ్రాములు తూగే చిట్టెలుక. ర్యాట్ దానికి పది రెట్లు ఉంటుంది. రెండింటి పూర్వీకులు విడిపోయి కోటి సంవత్సరాలు దాటింది. ఈ వ్యాసంలో చిట్టెలుక అంటే మౌస్, ర్యాట్ అంటే ర్యాటే. జాతి అంటే వాటిలోనే ల్యాబుల్లో పెంచే ఒక్కో రకం.

అసలు ఈ కణాలు బయటపడిందే ఒక చికాకు వల్ల. టీకా వేసిన చిట్టెలుకల టీ కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) క్యాన్సర్ కణాలను ఎలా చంపుతాయో చూద్దామని పరీక్షలు పెడితే, ఏ టీకా వేయని ఎలుకల కణాలు కూడా చంపుతూ కనిపించాయి. పోలిక కోసం పెట్టుకున్న గుంటల్లో సున్నా రావాలి, రావడం లేదు. చాలామంది దాన్ని పరీక్షలో వచ్చే ‘నాయిస్’ అని పక్కనపెట్టారు. 1975లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్‌జెల్, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో రొనాల్డ్ హెర్బర్‌మన్ బృందం విడివిడిగా తేల్చిందేమిటంటే, అది నాయిస్ కాదు, వేరే రకం కణం. ముందస్తు పరిచయం అక్కర్లేకుండానే చంపుతుంది కాబట్టి నేచురల్ కిల్లర్ అని పేరు పెట్టారు. క్లుప్తంగా ఎన్‌కే కణం.

ఆ తొలి పరీక్షల్లో ఎదురుగా పెట్టింది యాక్-1 అనే కణాలను. మోలోనీ వైరస్ వల్ల చిట్టెలుకలో వచ్చిన లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) నుంచి అవి వచ్చాయి. ఇప్పటికీ ఎలుక ఎన్‌కే కణాల పరీక్ష అంటే చాలా ల్యాబుల్లో మొదట ఫ్రీజర్‌లోంచి తీసేది యాక్-1నే. ఎందుకంటే అవి సులువుగా చస్తాయి. ఎన్‌కే కణం మీద ఎన్‌కేజీ2డీ అనే గ్రాహకం ఉంటుంది. అది పట్టుకోవడానికి కావలసిన ప్రమాద సంకేతాలు యాక్-1 ఒంటినిండా ఉంటాయి. అదే గుంటలో యాక్-1 బదులు పీ815 అనే మరో చిట్టెలుక క్యాన్సర్ కణాన్ని పెడితే, అవే ఎన్‌కే కణాలు దాదాపు చేతులు ముడుచుకుని కూర్చుంటాయి. కణం మారలేదు, ఎలుక మారలేదు. శాతం మాత్రం పడిపోయింది.

చంపే విధానం దగ్గరగా చూడదగ్గది. ఎన్‌కే కణం గానీ, సైటోటాక్సిక్ టీ కణం (చంపే రకం టీ కణం) గానీ ఎదుటి కణాన్ని ఆనుకుని గట్టిగా అతుక్కుంటుంది. లోపలున్న చిన్న చిన్న సంచులన్నీ ఆ అతుకు వైపుకు జరుగుతాయి. సంచుల్లో ప్రధానంగా రెండు సరుకులు: పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌లు. బయట క్యాల్షియం తగలగానే పెర్ఫోరిన్ అణువులు పక్కపక్కన చేరి ఎదుటి కణం పొరలో గుండ్రని రంధ్రంగా అమరుతాయి. లోపలి వ్యాసం సుమారు 16 నానోమీటర్లు. ఆ దారిలో గ్రాంజైమ్‌లు లోపలికి దూరి, కణం తనను తాను చంపుకునే యంత్రాంగాన్ని మీట నొక్కినట్టు కదిలిస్తాయి. ఎదుటి కణం ఊరుకోదు, చిరిగిన పొరను ఒకటి రెండు నిమిషాల్లోనే అతికించుకుంటుంది. అప్పటికే లోపలికి వెళ్లాల్సినవి వెళ్లిపోయి ఉంటాయి. దాడి చేసిన కణం విడిపోయి ఇంకో కణం వైపు వెళ్తుంది. చచ్చే కణం ఆ తర్వాత కాసేపటికి గానీ బుడగలు బుడగలుగా విచ్చుకోదు.

పెర్ఫోరిన్ ఎంత ముఖ్యమో 1994లో జ్యూరిక్ బృందం చూపించింది. ఆ జన్యువు తీసేసిన చిట్టెలుకలు ఎల్‌సీఎంవీ అనే వైరస్‌ను వదిలించుకోలేకపోయాయి. అదే ఏడాది గ్రాంజైమ్-బీ లేని చిట్టెలుకలు కూడా వచ్చాయి. ఇక్కడ ఫలితం కొంచెం చిత్రంగా ఉంది. వాటి టీ కణాలు ఎదుటి కణం డీఎన్‌ఏను తొందరగా ముక్కలు చేయలేకపోయాయి. కానీ ఇంకొన్ని గంటలు ఆగితే ఆ పని చాలావరకు జరిగిపోయింది. తక్కువ గంటల పరీక్ష చూసినవాళ్లకు అది పెద్ద లోపం, ఎక్కువసేపు ఆగినవాళ్లకు ఉత్త ఆలస్యం.

ఎన్‌కే కణం ఎప్పుడూ కత్తి పట్టుకుని తిరిగే కాపలాదారు అని పాఠ్యపుస్తకాలు రాస్తుంటాయి. మనిషి రక్తంలోని ఎన్‌కే కణాల విషయంలో అది దాదాపు సరిపోతుంది. వాటి సంచుల్లో పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌లు ముందే నిండి ఉంటాయి. చిట్టెలుక విషయం వేరు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం 2007లో చూపించినదాని ప్రకారం, విశ్రాంతిగా ఉన్న చిట్టెలుక ఎన్‌కే కణంలో గ్రాంజైమ్-బీకీ పెర్ఫోరిన్‌కీ కావలసిన ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి సూచనల ప్రతి) దండిగా ఉంటుంది, ప్రొటీన్ మాత్రం నామమాత్రం. వంటకు సరుకులన్నీ తెచ్చిపెట్టుకుని పొయ్యి వెలిగించనట్టు. ఐఎల్-2, ఐఎల్-15 లాంటి సంకేతాలు అందాకో, వైరస్ సోకాకో ప్రొటీన్ తయారీ మొదలై, చంపే శక్తి ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే చాలా ల్యాబుల్లో పరీక్షకు ముందురోజు చిట్టెలుకకు పాలీ-ఐసీ అనే ఇంజెక్షన్ ఇస్తారు. వైరస్ వచ్చిందని శరీరాన్ని నమ్మించడమే దాని పని. ఆ ఇంజెక్షన్ ఇచ్చారా లేదా అన్న ఒక్క వివరం మీద శాతం ఎన్నో రెట్లు మారిపోతుంది. వార్తల్లో ఆ వివరం దాదాపు ఎప్పుడూ కనిపించదు.

ఇక అసలు ప్రశ్న: ఎవరిని చంపాలో దానికెలా తెలుస్తుంది?

టీ కణానికి ఫొటో చూపించాలి. ఎదుటి కణం తన ఒంటిమీది ఎంహెచ్‌సీ అనే గుర్తింపు అణువుల్లో వైరస్ ముక్కను పెట్టి చూపిస్తేనే అది చంపుతుంది. ఆ సంగతి 1974లో కాన్‌బెరాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ చిట్టెలుకల్లోనే కనిపెట్టారు, ఇదే క్రోమియం పరీక్షతో. వైరస్ ఒకటే అయినా, ఎదుటి కణం ఎంహెచ్‌సీ వేరే రకమైతే టీ కణం దాన్ని ముట్టుకోలేదు. 1996లో నోబెల్ వచ్చింది.

ఎన్‌కే కణం దీనికి తలకిందులు. ఎంహెచ్‌సీ కనిపిస్తే ఆగుతుంది, కనిపించకపోతే దాడి చేస్తుంది. కరోలిన్‌స్కాలో క్లాస్ షారె తన పరిశోధనలో ప్రతిపాదించి, 1986లో సహచరులతో కలిసి చిట్టెలుకల్లో నిరూపించిన ‘మిస్సింగ్ సెల్ఫ్’ ఆలోచన ఇదే. ఒకే లింఫోమాలో ఎంహెచ్‌సీ ఉన్న రకం, లేని రకం రెండూ తీసి అదే జాతి ఎలుకలకు కొద్ది మోతాదులో ఎక్కిస్తే, ఉన్నది పెరిగి గడ్డయింది, లేనిదాన్ని శరీరం తుడిచేసింది. టీ కణాల కంట పడకుండా ఉండాలని ఎంహెచ్‌సీని దాచుకునే వైరస్‌లూ క్యాన్సర్‌లూ కోకొల్లలు. గుర్తింపు కార్డు పారేసుకున్నవాణ్ని పట్టుకునే పోలీసు ఇక్కడ ఉన్నాడన్నమాట.

అంతకుముందు చాలాకాలంగా అర్థంకాని ఓ చిక్కు కూడా దీంతో విడిపోయింది. రెండు జాతుల చిట్టెలుకలకు పుట్టిన పిల్ల, తల్లి కణాలనూ తండ్రి కణాలనూ తనవిగానే ఒప్పుకోవాలి. అవయవ మార్పిడి సూత్రాలు అదే చెబుతాయి. కానీ తల్లి ఎముక మజ్జను ఎక్కిస్తే పిల్ల తిప్పికొట్టేది. తండ్రి ఎంహెచ్‌సీ ఆ మజ్జలో లేదు కదా. ఆ లోటునే ఎన్‌కే కణాలు పట్టుకున్నాయి.

1992లో వేన్ యోకొయామా బృందం ఆ ‘ఆగు’ సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని పట్టింది. పేరు ఎల్‌వై49ఏ. ఇక్కడి నుంచే ఎలుకకూ మనిషికీ దారులు విడిపోతాయి. చిట్టెలుకలో ఈ పని చేసేది ఎల్‌వై49 కుటుంబం. మనిషిలో అదే పని చేసేది కేఐఆర్ అనే, నిర్మాణంలో ఏ పోలికా లేని మరో కుటుంబం. పని ఒకటే, పనిముట్లు వేరు. పరిణామంలో రెండు వైపులా విడివిడిగా తయారయ్యాయి. పైగా చిట్టెలుకల్లోనే జాతి జాతికీ లెక్క మారుతుంది. ల్యాబుల్లో అందరూ బ్లాక్-6 అని పిలిచే నల్ల ఎలుకలో 15 ఎల్‌వై49 జన్యువులుంటే, తెల్లగా ఉండే బాల్బ్-సిలో 8, 129 అనే జాతిలో 19.

ఈ తేడా చిన్న విషయం కాదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. చిట్టెలుకలకు సోకే సైటోమెగలో వైరస్ బ్లాక్-6ను పెద్దగా ఏమీ చేయలేదు, బాల్బ్-సిని బాగా దెబ్బతీస్తుంది. కారణం ఎల్‌వై49హెచ్ అనే ఒకే ఒక్క గ్రాహకం. ఇది ‘ఆగు’ అనే రకం కాదు, ‘కొట్టు’ అనే రకం. వైరస్ తయారుచేసే ఎం157 ప్రొటీన్‌ను ఇది నేరుగా పట్టుకుంటుంది. బాల్బ్-సిలో ఈ జన్యువే లేదు. మరి తనను పట్టించే ప్రొటీన్‌ను వైరస్ ఎందుకు తయారుచేస్తుంది? 129 ఎలుకల్లో చూస్తే జవాబు దొరుకుతుంది. అక్కడ అదే ఎం157 ఒక ‘ఆగు’ గ్రాహకానికి అతుక్కుంటుంది. అంటే నకిలీ గుర్తింపు కార్డు. వైరస్ నకిలీ కార్డు ముద్రించుకుంటే, బ్లాక్-6 జాతి ఆ నకిలీని పసిగట్టే కన్ను సంపాదించుకుంది. కథ అక్కడా ఆగదు. బ్లాక్-6 ఎలుకల్లో వైరస్‌ను మళ్లీ మళ్లీ పెంచితే, ఎం157ను మార్చేసుకున్న రకాలు పైకి వస్తాయి.

కాబట్టి ‘ఎలుకల్లో ఎన్‌కే కణాలు ఈ వైరస్‌ను అదుపు చేస్తాయి’ అనే వాక్యం ఒక ఎలుక విషయంలో నిజం, పక్క పంజరంలోని ఎలుక విషయంలో అబద్ధం. పరికరాల విషయంలోనూ ఇదే తంటా. బ్లాక్-6 ఎన్‌కే కణాలను గుర్తించడానికి అందరూ వాడే ఎన్‌కే1.1 యాంటీబాడీ బాల్బ్-సి ఎన్‌కే కణాలకు అంటుకోదు. తెలియనివాళ్లు వాడితే ఆ ఎలుకలో ఎన్‌కే కణాలే లేవనుకుంటారు.

లెక్కలో ఒక కిల్లర్‌ను మరచిపోతే ఎంత దూరం దారి తప్పుతామో 1974 నాటి ఒక ప్రయోగం చెబుతుంది. నగ్న చిట్టెలుక అని ఒకటుంది. ఒంటిమీద వెంట్రుకలుండవు, టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి ఉండదు, కాబట్టి మామూలు టీ కణాలుండవు. ఓసియాస్ స్టట్‌మన్ వీటికీ మామూలు ఎలుకలకూ క్యాన్సర్ కలిగించే రసాయనం ఇచ్చి చూశారు. గడ్డలు రెండింటిలోనూ ఒకేలా వచ్చాయి. దాంతో రోగనిరోధక వ్యవస్థకు క్యాన్సర్‌తో సంబంధమే లేదని చాలామంది తేల్చేసుకున్నారు. నగ్న ఎలుకలో చురుకైన ఎన్‌కే కణాలు ఉంటాయని, థైమస్ లేకుండా తయారయ్యే కొన్ని టీ కణాలూ ఉంటాయని అప్పటికి ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాదే ఎన్‌కే కణాలు బయటపడినా, పోయిన నమ్మకం తిరిగి రావడానికి పాతికేళ్లు పట్టింది. టీ, బీ కణాలు బొత్తిగా లేని ఎలుకల్లో గడ్డలు ఎక్కువ వస్తాయని 2001లో రాబర్ట్ ష్రైబర్ బృందం చూపించాక గానీ చర్చ మళ్లీ మొదలవలేదు. స్టట్‌మన్ ప్రయోగంలో తప్పేమీ లేదు. ఆ ఎలుకలో ఏమేమి లేవో తెలుసుగానీ, ఏమేమి మిగిలాయో తెలియదు, అంతే.

గుంటలో కనిపించే వేగం శరీరంలో ఉండదు, అది మరో సంగతి. గుంటలో కిల్లర్ కణానికి వెతుక్కునే పనే లేదు, ఎర పక్కనే కూర్చుని ఉంటుంది. బతికున్న చిట్టెలుకలోకి సూక్ష్మదర్శినితో చూసిన జర్మన్ బృందం 2016లో వేసిన లెక్క ప్రకారం, ఒక సైటోటాక్సిక్ టీ కణం వైరస్ సోకిన కణాలను రోజుకు 2 నుంచి 16 వరకు చంపుతుంది. చాలాసార్లు ఒక్క దెబ్బతో ఎదుటి కణం చావదు, రెండు మూడు టీ కణాలు వచ్చి తలో దెబ్బా వేస్తేనే పడుతుంది. ఎన్ని కణాలు చేరుకున్నాయన్నది, ఒక్కోటి ఎంత గట్టిగా కొట్టిందన్నంత ముఖ్యమవుతుంది ఇక్కడ.

పంజరం సంగతికొద్దాం. ల్యాబ్ ఎలుక గది మామూలుగా 20 నుంచి 22 డిగ్రీలు ఉంటుంది. కోటు వేసుకున్న మనుషులకు హాయిగానే ఉంటుందిగానీ చిట్టెలుకకు అది చలి. ఒంటి వేడి నిలుపుకోవడానికి ప్రత్యేకంగా శ్రమపడనక్కరలేని వేడి దానికి 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. 2013లో బఫెలోలోని రాస్వెల్ పార్క్ పరిశోధకులు అవే ఎలుకలను 30 డిగ్రీల గదిలో ఉంచి చూస్తే గడ్డలు నెమ్మదిగా పెరిగాయి, ఆ తేడాకు కారణం సైటోటాక్సిక్ టీ కణాలే అని తేలింది. అంతకుముందు దశాబ్దాలపాటు వచ్చిన క్యాన్సర్ ఫలితాల్లో ఎన్ని వణుకుతున్న ఎలుకల మీదివో!

శుభ్రత కూడా ఒక సమస్యే. వడకట్టిన గాలి, స్టెరిలైజ్ చేసిన మేత మధ్య పెరిగిన ల్యాబ్ ఎలుక రోగనిరోధక వ్యవస్థ, పెద్ద మనిషి కంటే అప్పుడే పుట్టిన పిల్లల వ్యవస్థకే దగ్గరగా ఉందని మిన్నెసోటా బృందం 2016లో చూపించింది. పెంపుడు జంతువుల దుకాణం నుంచి తెచ్చిన ఎలుకలను పక్కన వదిలితే, కొన్ని ల్యాబ్ ఎలుకలు రోగాలతో చచ్చిపోయాయిగానీ, బతికినవాటిలో పోరాటానికి సిద్ధంగా ఉండే టీ కణాలు బాగా పెరిగాయి. బయట పట్టుకున్న ఎలుకల ఎన్‌కే కణాలు కూడా ల్యాబ్ ఎలుకలవాటికంటే చురుకైన స్థితిలో కనిపించాయి. పైన చెప్పిన, ప్రొటీన్ లేని ‘ఖాళీ చేతుల’ ఎన్‌కే కణం కొంతవరకు పంజరం తయారుచేసిందే అన్నమాట.

గడియారాన్ని కూడా వదలడానికి లేదు. ఎలుకలు రాత్రి తిరిగే జీవులు. ర్యాట్‌ల ప్లీహంలోని ఎన్‌కే కణాల్లో గ్రాంజైమ్-బీ, పెర్ఫోరిన్, చంపే శక్తి మూడూ చీకటి వేళల్లో పెరిగి పగలు తగ్గుతాయి. ల్యాబులు నడిచేది పగలు.

ర్యాట్‌ల దగ్గర నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే ఉపయోగపడినది ఆపరేషన్ ఒత్తిడి గురించిన సంగతి. టెల్ అవీవ్‌లో షమ్‌గర్ బెన్-ఎలియాహు బృందం ఫిషర్-344 జాతి ర్యాట్‌ల రక్తంలోకి రొమ్ము క్యాన్సర్ కణాలను ఎక్కించి, అవి ఊపిరితిత్తుల్లో ఎన్ని నిలదొక్కుకుంటాయో లెక్కపెట్టింది. మొదటి 24 గంటల్లో ఎన్‌కే కణాలు తుడిచేసినవి పోగా మిగిలినవే గడ్డలవుతాయి. ఆ సమయంలో ర్యాట్‌కు పొట్ట కోసి ఆపరేషన్ చేస్తే ఎన్‌కే కణాల చంపే శక్తి పడిపోయి, ఊపిరితిత్తుల్లో గడ్డలు పెరిగాయి. ఇక్కడ క్రోమియం శాతానికీ, ఊపిరితిత్తుల మీద కంటికి కనిపించే చుక్కలకూ పొంతన కుదిరింది. అన్ని పరీక్షల్లోనూ అలా కుదరదు.

ఇక తూర్పు ఆఫ్రికా నేలకింద బతికే నేకెడ్ మోల్ ర్యాట్. 30 ఏళ్లు దాటి బతుకుతుంది, క్యాన్సర్ చాలా అరుదు. దాని ప్లీహంలో కిల్లర్ కణాలు దట్టంగా ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. 2019లో ఒక్కో కణాన్నీ విడివిడిగా పరిశీలిస్తే, మామూలుగా ఎన్‌కే అని చెప్పుకునే కణాల జాడే కనిపించలేదు.

మనిషి కిల్లర్ కణాలతో చేసే మందులకు, మనుషుల దాకా వెళ్లేముందు పరీక్ష జరిగేది మాత్రం తరచూ వేరే ఎలుకలో. ఎన్ఎస్‌జీ అనే జాతి చిట్టెలుకలో టీ కణాలూ బీ కణాలూ ఎన్‌కే కణాలూ ఉండవు. మనిషి క్యాన్సర్‌ను తిరస్కరించేవాళ్లు లోపల ఎవరూ లేరు కాబట్టే అందులో అది పెరుగుతుంది. ఆ తర్వాత మనిషి ఎన్‌కే కణాలను ఎక్కించి గడ్డను ఎంత తగ్గించాయో కొలుస్తారు. కానీ అవి ఎలుక శరీరంలో ఎక్కువ రోజులు నిలవవు. వాటిని బతికించాల్సిన ఐఎల్-15 అక్కడ ఉన్నా, ఎలుక ఐఎల్-15 మనిషి కణాలకు సరిగా పనిచేయదు. అందుకని మనిషి ఐఎల్-15 జన్యువును కూడా చేర్చిన ఎలుకలను తయారుచేశారు. మనిషి గడ్డ, మనిషి కిల్లర్, మనిషి సంకేతం, వీటన్నిటి చుట్టూ ఎలుక చర్మం. అక్కడ వచ్చే శాతాన్ని పట్టికలో ‘ఎలుకల్లో ఫలితం’ అనే గడిలోనే రాస్తారు.